మెడమీది మచ్చ – చర్మదర్శిని

పుట్టుమచ్చలను జూచి శుభాశుభములు చెప్పు శాస్త్రమును మన యిండ్లలో నెఱుగనివారు లేరు. మచ్చ కంఠమున నున్న నొక ఫలము, భుజమున నున్న మఱియొక ఫలము అని పెద్దలు చెప్పగా విని నవ్వుకొన్నవారును, నమ్మినవారును గలరు. ఆ శాస్త్రముయొక్క సత్యాసత్యములను విచారించుట మా యుద్దేశము కాదు. అయితే వైద్యులును మచ్చను జూచి మనుష్యుని ముందుగతిని గొంతవఱకు జెప్పగలరు. అందుకు వారికి కావలసినది పంచాంగము కాదు. వస్తువును పది రెట్లు పెద్దదిగా జూపు నొక చిన్న యద్దమును, దానితోడి దీపమును. ఆ పరీక్ష యెట్టిదో మా సోదరీమణులకు దెలుపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవు వ్యాధి పేరు మెలనోమా. చర్మమునకు వచ్చు క్యాన్సరులలో నిది యొకటి. సంఖ్యలో దక్కినవానికంటె దక్కువయే కాని ప్రాణాపాయమున మిక్కిలి హెచ్చు. మన చర్మపు బైపొర యడుగున మెలనోసైటులను వర్ణకణములు గలవు. మెలనిను అను నల్లని రంగును దయారుచేసి ప్రక్కకణములకు బంచిపెట్టుట వాని పని. ఆ రంగే గొడుగువలె నిలిచి సూర్యకిరణములనుండి లోపలి కణములను గాపాడును. ఈ వర్ణకణములు గుంపుగూడి యొకచోట నిలిచిన నది సామాన్యమైన పుట్టుమచ్చ. అట్టి కణములే కట్టుదప్పి పెరుగ నారంభించిన నది మెలనోమా. ఉన్న పుట్టుమచ్చలోనే పుట్టవచ్చును; ఏ మచ్చయు లేని చోటను గ్రొత్తగా బుట్టవచ్చును; ఈ రెండవ విధమే యెక్కువ. తొలుత నది పైపొరలోనే ప్రక్కలకు బ్రాకును. అప్పుడు కోసి తీసివేసిన జాలును. పిమ్మట లోతునకు దిగి, లసికానాళములను రక్తనాళములను జేరి, ఊపిరితిత్తులకును గాలేయమునకును మెదడునకును బోవును. కనుక మచ్చ యెంత పెద్దదన్న ప్రశ్నకంటె, దాని నెప్పుడు కనిపెట్టితిమన్న ప్రశ్నయే ముఖ్యము.

1804లో పారిసు నగరమున లెనెక్ అను యువవైద్యుడు ఈ నల్లని గడ్డలను బ్రత్యేకవ్యాధిగా గుర్తించెను. పిమ్మట స్టెతస్కోపును గనిపెట్టినవా డాతడే. 1820లో నింగ్లండున విలియం నారిసు అను వైద్యుడు తన రోగి తండ్రియు నిట్టి వ్యాధితోనే మరణించెనని తెలిసికొని, యిది కొన్ని కుటుంబములలో వంశపరంపరగా వచ్చునేమో యని వ్రాసెను. వారిరువురికిని రోగి బ్రదికియుండగా మచ్చను బరీక్షించుటకు గన్ను తప్ప వేఱు సాధనము లేదు.

శరీరమున నిన్ని భాగము లుండగా మెడనే యేల చెప్పుచున్నామని యడుగవచ్చును. మెడవెనుక భాగమున కెండ హెచ్చుగా దగులును. చిన్న టోపీ పెట్టుకొన్నచో ముఖమునకు నీడ వచ్చును గాని మెడకును జెవులకును రాదు. అంతకంటె బెద్ద చిక్కు మఱియొకటి యున్నది. తన మెడవెనుక నేమున్నదో తనకు గనబడదు. అద్దము ముందు గంటసేపు నిలిచినను గనబడదు. కొప్పో, జడయో, చొక్కాపట్టీయో దానిని గప్పియే యుండును. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ వైద్యులు 51,704 మంది మెలనోమా రోగుల లెక్కలను బరిశీలించి 2008లో నొక వ్యాసమును బ్రకటించిరి. తలమీదను మెడమీదను వ్యాధి వచ్చినవారిలో, అయిదేండ్లు గడచునప్పటికి దానికి బలిగాక మిగిలినవారు నూటికి 83 మంది. తక్కిన యవయవములలో వచ్చినవారిలో నట్టివారు 92 మంది. వయస్సును, మచ్చ మందమును లెక్కలోనికి దీసికొని చూచినను ఆ భేదము పోలేదు. మెడను దలను రక్తనాళములును లసికానాళములును దట్టముగా నుండుట యొక కారణము కావచ్చునని వారి యభిప్రాయము. ఆలస్యముగా గనబడుట రెండవ కారణమని వేఱుగా జెప్పనక్కఱలేదు.

తన కంటికి గనబడని చోటు పరుల కంటికి గనబడును. ఆ పరులెవరు? తల దువ్వువారు. అమెరికాలోని హ్యూస్టను నగరమున క్షౌరశాలలలో బనిచేయు 203 మందిని వైద్యపరిశోధకులు ప్రశ్నించిరి. వారిలో నూటికి 58 మంది, తమయొద్దకు వచ్చినవారి మచ్చను జూచి వైద్యునికి జూపుకొమ్మని యొకసారియైన జెప్పినవారే. మన దేశమున నీ పని చేయుట కంగడికి బోనక్కఱలేదు. తల్లి కూతునకు జడ వేయును. కోడలు అత్తగారి తలకు నూనె రాచును. అక్క చెల్లెలి తలలో బేలు చూచును. ఇట్లు మెడవెనుకను, చెవివెనుకను, పాపటను జూచు కన్నులు ప్రతి యింటను గలవు. చూచిన దేమిటో తెలిసికొనుటయే కావలెను.

ఆ చూచు విధమును 1985లో న్యూయార్కు వైద్యులు నాలుగు గుఱుతులుగా జెప్పిరి. మచ్చను నడుమ గీత గీచినట్లు భావించిన, నొక సగము రెండవ సగమును బోలకుండుట మొదటిది. అంచు నున్నగా నుండక చీలికలుగా, చెదరిన సిరావలె నుండుట రెండవది. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎఱుపు, నీలము, తెలుపు కలసియుండుట మూడవది. అడ్డముకొలత 6 మిల్లీమీటర్లను, అనగా పెన్సిలు తలనుండు రబ్బరు నంతకంటె, మించుట నాలుగవది. 2004లో నైదవ గుఱుతును జేర్చిరి. అది మార్పు. నెలలలో బెరుగుట, రంగు మాఱుట, దురద పుట్టుట, నెత్తురు గారుట యిందు జేరును. మా యభిప్రాయమున నీ యైదవదియే మొదట జెప్పదగినది. ఏలయన మెలనోమాలలో నొక జాతి చక్కగా గుండ్రముగా, ఒకే రంగుతో, చిన్న పొక్కువలె లేచి వారములలోనే పెరుగును. దానికి మొదటి నాలుగు గుఱుతులలో నొకటియు నుండకపోవచ్చును.

కన్ను చూచునది చర్మముయొక్క పైభాగమును మాత్రమే. చర్మముపై బడిన వెలుతురులో గొంత పైనున్న పొలుసుల పొరనుండియే వెనుకకు మఱలి మిలమిల మెఱయును. ఆ మెఱుపు లోపలనున్నదానిని గప్పివేయును. వంటింట నూనె తగిలిన కాగితమును జూడుడు: అంతవఱకు దెల్లగా నున్నది తడిసినచోట నద్దమువలె నగును, వెనుకనున్న యక్షరములు కనబడును. చర్మము విషయమునను సరిగా నిదియే జరుగును. మచ్చపై నొక చుక్క నూనె వైచి, దానిపై గాజుపలకను ఆనించి, ప్రక్కనుండి దీపము వేసి, భూతద్దముతో జూచినచో బైపొర పారదర్శకమై లోపలి రంగుల యమరిక బయటపడును. ఈ యుపాయమే డెర్మోస్కోపు. మేము దీనిని చర్మదర్శిని యందుము.

ఈ తలంపు నూఱేండ్లకు మించినది. 1893లోనే ఊనా అను జర్మను వైద్యుడు నూనెతో జర్మమును జూచు విధమును జెప్పెను. 1920లో సఫియర్ అనునాతడు దీనికి బేరుపెట్టెను. 1951లో నమెరికాలో గోల్డ్‌మన్ పుట్టుమచ్చలను బరీక్షించుట కుపయోగించెను. 1971లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున రోనా మ్యాకీ యను వైద్యురాలు, కత్తి పెట్టకమునుపే మంచి మచ్చను జెడ్డ మచ్చను వేఱుచేయుటకు ఈ సాధనము సాయపడునని నిరూపించెను. ఒక స్త్రీ చేసిన యీ పనిని మా పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. 1987లో వియన్నా వైద్యులు ఏ ఆకృతి యేమి తెలుపునో వివరముగా గ్రంథస్థము చేసిరి. అంతవఱకు బల్లమీద నిలుపవలసిన బరువైన యంత్రముగా నున్నది, 1989 నాటికి జేతబట్టుకొను పనిముట్టయ్యెను. నూనె యక్కఱలేక, వెలుతురును వడగట్టు పలకలతో మెఱుపును దొలగించు పనిముట్లును 2001 నుండి వచ్చినవి. ఇప్పుడు చర్మవైద్యుని జేబులో నిది పట్టును.

దానిలో గనబడున దేమి? మొదటిది వల. పైపొర క్రిందిపొరలోనికి వ్రేళ్లవలె దిగియుండుటచే, రంగు నిండిన యా వ్రేళ్లు దారములుగను, నడిమి భాగములు కన్నములుగను దోచును. సామాన్యపు మచ్చలో నీ వల చక్కగా నల్లినట్లుండి యంచులకు బోనుబోను పలుచబడును. మెలనోమాలో నొకచోట దారము లావు, ఒకచోట సన్నము, ఒకచోట వల తెగి నల్లని చుక్కలు, అంచున మాత్రము చటుక్కున నాగిపోవుట కనబడును. రెండవది రంగు. మెలనిను పైననే యున్న నలుపు, కొంచెము క్రిందనున్న గోధుమ, ఇంకను లోతైన బూడిద, అంతకంటె లోతున నీలము. రంగు పదార్థ మొకటే. లోతు మాఱుటచే రంగు మాఱిన ట్లగపడును. కనుక మచ్చపై నీలిమబ్బువంటి తెఱ కప్పినట్లున్న వైద్యుడు వెంటనే జాగరూకుడగును.

మఱియొక మేలు గలదు. మెడమీద వయస్సుతో వచ్చు నల్లని పొక్కులనేకములు నిరపాయమైనవి. అవి కొన్నిటిలో జర్మదర్శిని పాలగింజలవంటి తెల్లని చుక్కలను, చిన్న నల్లని బిరడాలను జూపును. రక్తనాళముల ముద్ద యైన నెఱ్ఱని మడుగులు కనబడును. అట్టివానిని గోయనక్కఱలేదని చెప్పి వైద్యుడు రోగి నింటికి బంపవచ్చును. భయము తీర్చుటయు నీ సాధనము చేయు నుపకారమే. లోకమున జరిగిన పరిశోధనల నన్నిటిని సమీకరించి కాక్రేన్ సంస్థవారు 2018లో, వట్టికంటి పరీక్షకంటె నిది నిశ్చయముగా మేలైనదని తేల్చిరి. కాని పనిముట్టు కొన్నంతమాత్రమున విద్య రాదు. వీణ కొన్నవారందఱును వైణికులు కారుగదా. అభ్యాసము లేనివారు చర్మదర్శినితో జూచినను జూడకున్నను ఫలితమున భేదము లేదని వెనుకటి పరిశోధనలే చెప్పుచున్నవి.

మంచిదో చెడ్డదో తేలని మచ్చ లుండును. వానికి గాలమే పరీక్షకుడు. 2001లో సిడ్నీ నగరపు వైద్యుడు స్కాట్ మెంజీసును ఆతని సహచరులును, అట్టి చదునైన మచ్చను చర్మదర్శినిద్వారా ఛాయాపటము తీసియుంచి, మూడు నెలలకు మరల దీసి, రెంటిని సరిపోల్చు పద్ధతిని బ్రకటించిరి. మార్పు లేనిదానిని విడిచిపెట్టవచ్చును, మాఱినదానిని గోయవలెను. లేచి నిలిచిన పొక్కుల విషయమున మాత్రము ఇట్లు వేచియుండరాదు.

ఆస్ట్రేలియాలో నీ విద్య యింతగా బెరుగుటకు గారణ మున్నది. బ్రిటిషు ద్వీపములనుండి వెళ్లి స్థిరపడిన తెల్లని చర్మముగల ప్రజలు తీక్ష్ణమైన యెండలో నివసించుటచే, మెలనోమా మిక్కిలి హెచ్చుగా గనబడు దేశములలో నది యొకటి యైనది. 1981లోనే యచ్చట చొక్కా తొడుగుడు, లేపనము పూయుడు, టోపీ పెట్టుడు అని పాటతో బ్రచారము చేసిరి. పాఠశాలలలో మెడవెనుకకు వ్రేలాడు గుడ్డగల టోపీలు పిల్లలకు బెట్టుదురు. మన పొలములలో గూలివారు తలగుడ్డ చెంగును మెడపై వ్రేలవైచుట కేమియు భేదము లేదు. ఇటీవల క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయపు పీటర్ సోయర్ మొదలగువారి పూనికతో నచ్చట మఱియొక యంత్రమును నెలకొల్పిరి. దానిలో 92 కెమెరాలుండును. రోగి నడుమ నిలువగా నన్నియు నొక్కసారిగా బటము తీయును. కంప్యూటరు వానిని గలిపి బొమ్మవలె నన్నివైపుల ద్రిప్పి చూపును. మెడవెనుక మచ్చయు నందు దాగజాలదు.

అంతకంటె విచిత్రమైనది కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని. 1995లో బోస్టను నగరమున మిలింద్ రాజాధ్యక్షయు నాతని సహచరులును, మనుష్యుని చర్మమును గోయకయే దానిలోని సజీవకణముల నిట్టి యంత్రముతో జూచిరి. సన్నని లేసరు కిరణమును జర్మములోనికి బంపి, ఒక్క మట్టమునుండి మాత్రమే తిరిగివచ్చు వెలుతురును సూదిబెజ్జమువంటి రంధ్రముగుండ బట్టుదురు. పై మట్టములను గ్రింది మట్టములను వచ్చు వెలుతురు అడ్డగింపబడును. ఇట్లు ఒక్కొక్క పొరను ఉల్లిపొరవలె విడదీసి చూడవచ్చును. మెలనిను కాంతిని బలముగా ద్రిప్పి పంపుటచే, మనకంటికి నల్లనైన మచ్చ యా పటమున దెల్లగా వెలుగును. అయితే దీని చూపు మిల్లీమీటరులో నాలుగవవంతు లోతుకంటె బోదు. ముసలితనమున నెండ తగిలిన ముఖమునను మెడను ఏండ్ల తరబడి మెల్లగా బ్రాకు గోధుమవన్నె మచ్చలలో నొక జాతి మెలనోమా యుండును. దాని యంచు కంటికి దెలియదు. ఎంతమేర గోయవలెనో నిర్ణయించుట కీ యంత్రము మిక్కిలి తోడ్పడును. పెద్దపట్టణములలోని గొప్ప వైద్యాలయములలో మాత్రమే యిది యున్నది గాన, సామాన్యులకు జర్మదర్శినియే గతి.

కంప్యూటరులే పటమును జూచి రోగమును జెప్పునను మాట నేడు వినబడుచున్నది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 1,29,450 పటములతో నొక యంత్రమునకు శిక్షణ యిచ్చి, 21 మంది చర్మవైద్యులతో సరిపోల్చగా నది వారికి దీసిపోలేదు. మంచిదే. కాని యిట్టి యంత్రములు నేర్చిన పటములలో బెక్కు తెల్లని చర్మమువే. చామనచాయ చర్మముపై వాని తీర్పును మనము తొందరపడి నమ్మరాదని మా యభిప్రాయము.

పటము లెన్ని తీసినను తుదితీర్పు వానిది కాదు. అనుమానము గలిగిన మచ్చను జుట్టునున్న కొద్దిచర్మముతో గూడ మొత్తముగా గోసి, సూక్ష్మదర్శిని క్రింద జూచుటయే నిర్ణయము. దీనిని బయాప్సీ యందురు. మత్తుసూదితో గొలదినిమిషములలో ముగియు పని. కత్తి తగిలిన రోగము ప్రాకునని మనలో నొక భయము గలదు, అది నిరాధారము. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో యను వైద్యుడు, గడ్డ యెంత మందముగా నున్నదో కొలిచినచో రోగి భవిష్యత్తు తెలియునని చూపెను. ఒక మిల్లీమీటరు లోపల నున్నవారిలో బెక్కుమంది శస్త్రచికిత్సతోనే బాగుపడుదురు. ఒక మిల్లీమీటరనగా బది కాగితముల దొంతర మందము. నాలుగు మిల్లీమీటర్లు దాటిన గథ వేఱు. ముదిరినవారికిని 2011 మొదలు శరీరముయొక్క స్వరక్షణశక్తిని మేల్కొలుపు మందులు వచ్చి, పూర్వము లేని యాశను గల్పించినవి. ఆ మందులకు మూలమైన పరిశోధనకు 2018లో నోబెలు బహుమాన మిచ్చిరి.

ఇక మన సంగతి. మన చర్మమునందు మెలనిను సమృద్ధిగా నుండుటచే, మెడమీది మెలనోమా మనవారిలో మిక్కిలి యరుదు. ఆస్ట్రేలియాలోను అమెరికాలోను స్థిరపడిన తెలుగు కుటుంబములును భయపడి నిద్రమానవలసిన పని లేదు. ఆ దేశములందు వేడుకలకు బోయిన పెద్దలు మెడపై బూయు లేపనమును జూచి నవ్వకుండిన జాలును. మన మెడలమీద దరచుగా గనబడునవి వేఱు: పులిపిరులు, పుట్టుమచ్చలు, మఱియు మెడచుట్టును మందమై మఖమలువలె నల్లబడిన చర్మము. ఈ కడపటిదానిని మురికి యని పిల్లలను గొట్టి రుద్దు తల్లులు గలరు. అది మురికి కాదు, క్యాన్సరు కాదు. స్థూలకాయమునకును మధుమేహమునకును ముందుగుఱుతు కావచ్చును గాన రక్తములో జక్కెరను బరీక్ష చేయింపవలెను.

మనవారిలో మెలనోమా వచ్చినచో దరచుగా వచ్చు చోటులు అరికాలు, అరచేయి, గోరు. ఎండ తగులని యీ చోటుల మన మెలనిను మనలను గాపాడదు. అరికాలి మచ్చను జదువు విధమును జపాను వైద్యుడు సయిదా విశదపఱచెను. అరికాలిచర్మమున గీతలును, గీతల నడుమ గట్లును గలవు. రంగు గీతల పల్లములలో నున్న సాధారణముగా మంచిమచ్చ. గట్లమీద నున్న మెలనోమా యని యనుమానింపవలెను. చర్మదర్శినితో నీ భేదము కొన్ని క్షణములలో దెలియును. గోటిలో నల్లని నిలువుచార మనవారిలో బెక్కుమందికి సహజముగానే యుండును. కాని యొకే గోట గ్రొత్తగా వచ్చి, వెడల్పగుచు, గోటి మొదలునందలి చర్మముపైకి రంగు ప్రాకిన నది వేఱు. ఇంగ్లండునందలి హచిన్‌సన్ అను వైద్యుని పేర నా గుఱుతు ప్రసిద్ధము. దెబ్బ తగిలి నల్లబడినదని, ఆనెకాయ యని, మానని పుండని నెలలు గడపుటచేతనే మనలో ననేకులు వ్యాధి ముదిరినపిమ్మట వైద్యుని జేరుచున్నారు.

ఒక దురాచారమును గూర్చి గట్టిగా జెప్పవలసియున్నది. సున్నమును, చాకలిసోడాను గలిపి మచ్చలపైనను బులిపిరులపైనను బెట్టి కాల్చుట, వెండ్రుకతో బిగించి కట్టుట మన యూళ్లలో గలదు. సామాన్యపు పులిపిరి యైన బుండు పడి మచ్చ మిగులును. మెలనోమా యైనచో పైభాగము కాలి, లోపలిది నిలిచి, చర్మదర్శినికి జదువుటకును, బయాప్సీలో మందము కొలుచుటకును వీలులేకుండ బోవును. పుస్తెలత్రాడో గొలుసో రాచుకొని మెడమీది మచ్చ యొకనాడు నెత్తురు చిమ్మిన భయపడనక్కఱలేదు; ఆ రాపిడిచే మెలనోమా పుట్టునని ఋజువు లేదు. పదియైదు దినములకును మానకున్నచో జూపుకొనుడు.

ఇంట జూచినదానికి గుఱుతుంచుకొనుట కష్టము గాన, సెల్‌ఫోనుతో బటము తీసియుంచుట మంచిది. పగటి వెలుతురున, మచ్చప్రక్క నొక కొలతబద్దను బెట్టి, దగ్గఱనుండి యొకటియు, మెడ యంతయు గనబడునట్లు దూరమునుండి యొకటియు దీయవలెను. మూడు నెలలకు మరల నట్లే తీసిన మార్పు తెలియును. ఈ లోపలనే పెరుగుచున్నదని తోచిన మూడు నెల లాగవద్దు. ఆ పటములను వైద్యునికి జూపుడు. అవి చర్మదర్శినికి బదులు కావు గాని కాలమును జెప్పును.

చర్మవైద్యునియొద్దకు బోవునాడు పాదములకు బసుపును బారాణియు బెట్టుకొనకుడు. గోరింటాకు ఎఱుపు గోళ్లమీద నెలల తరబడి నిలుచును గాన, గోటిని జూపవలసినవారు కొంతకాలము ముందునుండియే మానుట మేలు, గోటిరంగును దుడిచివేయవలెను. మెడకు బొడి పూయకుడు. గొలుసులు తీసి, జడను బైకి ముడిచి కూర్చుండుడు. మెడను జూపుటకు బోయినను, కాలిజోడు విప్పి అరికాళ్లనుగూడ జూడుమని మీరే యడుగుడు. చాలమంది వైద్యులు అడుగనిదే చూడరు.